అడిగామనిపించారు

ఈక్వడార్ దేశపు చమురు బ్లాకుల మ్యాపు ఇంటర్నెట్‌లో వెతికితే దొరుకుతుంది. దేశానికి తూర్పు భాగమంతా అమెజాన్ అడవి. ఆ మ్యాపులో మాత్రం అది అడవిలా కనపడదు. మన ఊళ్ళ పొలిమేరల్లో రియల్ ఎస్టేట్ వాళ్ళు పంచే లే-అవుట్ కాగితంలా ఉంటుంది. గళ్ళు, గడికో నంబరు, మధ్యలో మెలికలు తిరుగుతూ పోయే నదులు. పస్తాసా అనే ప్రావిన్స్‌లో పడే ఒక గడి నంబరు 22. 2012లో ప్రభుత్వం ఆగ్నేయ ప్రాంతపు బ్లాకుల్ని వేలానికి తెచ్చినప్పుడు వాటిలో ఇదీ ఉంది. ఆ గడిలో ఊళ్ళున్నాయనీ, వేటకి పోయే దారులున్నాయనీ, చేపలు గుడ్లు పెట్టే మడుగులున్నాయనీ ఆ కాగితం చూసినవాళ్ళకి తెలిసే అవకాశమే లేదు.

పదేళ్ళుగా నా ఉద్యోగం మ్యాపుల సాఫ్ట్‌వేర్‌తోనే. మా లెక్కలో ఖాళీ చోటంటే అక్కడేమీ లేదని కాదు, మా దగ్గర డేటా లేదని. ఆఫీసులో ఈ తేడాకి పెద్ద విలువుండదు, మహా అయితే ఎవరికో పార్సిల్ ఆలస్యంగా చేరుతుంది. 22వ గడిలో మాత్రం ఈ తేడా మీదే ఒక జాతి కోర్టుకెక్కింది. ఆ పోరాటంలో ముందు నిలబడ్డది ఆడవాళ్ళు.

వాళ్ళు వావొరానీలు. వాళ్ళ గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఒక యాప్ వల్ల. 2015 ప్రాంతంలో వావొరానీలు తమ నేలకి తామే మ్యాపు గీసుకోవడం మొదలుపెట్టారు. దానికి వాడింది మాపియో అనే యాప్ (ఇప్పుడు దాని కొత్త రూపం పేరు కోమాపియో). ఇంటర్నెట్ లేనిచోట పనిచేస్తుంది. మధ్యలో పెద్ద సర్వరంటూ ఉండదు, ఒక ఫోను ఇంకో ఫోను దగ్గరికొస్తే వాటి మధ్యే లెక్కలు సరిచూసుకుంటాయి. ఇదేదో అద్భుతమని అనను. ఇలాంటి ఏర్పాటులో వచ్చే చిక్కులేమిటో మా వృత్తిలో వాళ్ళకి తెలుసు. కానీ అడవిలో పోగుచేసిన వివరాలు ఏ కంపెనీ క్లౌడ్‌లోకీ పోవు. ఏది లోకానికి చూపించాలి, ఏది తమలోనే ఉంచుకోవాలి అన్నది ఊరే తేల్చుకుంటుంది. పెద్దవాళ్ళు ముందు నడిచి చెప్తుంటే కుర్రవాళ్ళు ఫోన్లలో గుర్తులు పెట్టారు. జాగ్వార్లు తిరిగే చోట్లు, మందు మొక్కలు, పాత యుద్ధాలు జరిగిన తావులు, సమాధులు, జలపాతాలు. వీటిలో చాలావాటికి మా దగ్గర ఐకాన్లు లేవు, వాళ్ళే బొమ్మలు గీసుకున్నారు. అంతా అయ్యాక చూస్తే ప్రభుత్వం మ్యాపులో తెల్లగా ఉన్న జాగా వీళ్ళ మ్యాపులో కిక్కిరిసిపోయి ఉంది. ఏ కోర్టులో పెట్టినా అర్థమయ్యే సాక్ష్యం అది.

ఈ ఆడవాళ్ళు చేసింది ఎంత పెద్ద పనో తెలియాలంటే కొంచెం వెనక్కి పోవాలి. వావొరానీలు కొన్ని వేలమంది. వాళ్ళ భాష వావొ తెరెరోకి లోకంలో ఇంకే భాషతోనూ చుట్టరికం తేలలేదు. బయటివాళ్ళని వాళ్ళు కోవొరి అంటారు. బయటివాళ్ళు వాళ్ళని చాలాకాలం ఔకా అన్నారు. అది పక్కనున్న కిచువా భాషలో అనాగరికుడు అనే అర్థమొచ్చే తిట్టుమాట. ఈటెలకి పేరుబడ్డ జాతి. బయటివాళ్ళతో సంబంధాలు ఏర్పడకముందు కొన్ని తరాల పాటు వాళ్ళ చావుల్లో చాలా భాగం తమలో తాము పొడుచుకున్న ఈటె పోట్ల వల్లనేనని మానవశాస్త్రవేత్తలు రాశారు. 1956 జనవరిలో అయిదుగురు అమెరికన్ మిషనరీలు నది ఒడ్డున విమానం దింపి స్నేహం కలుపుకోబోతే వాళ్ళనీ చంపేశారు. అమెరికాలో అది పెద్ద వార్త, ఇప్పటికీ చర్చిల్లో చెప్పుకునే కథ.

ఆ కథలో పెద్దగా వెలుగు పడనిది ఒక ఆడమనిషి మీద. ఆమె పేరు డయూమా. ఇంట్లోవాళ్ళ హత్యలు చూసి అడవి నుంచి పారిపోయి, ఒక పెద్ద కమతంలో పనిచేస్తూ బతికింది. చనిపోయిన మిషనరీల్లో ఒకాయన అక్క రేచల్ సెయింట్ ఆమె దగ్గరే భాష నేర్చుకుంది. 1957లో వీళ్ళిద్దరూ ఒక అమెరికన్ టీవీ కార్యక్రమంలో కూడా కనిపించారు. మరుసటేడు డయూమా తన వాళ్ళ దగ్గరికి తిరిగెళ్ళి, తర్వాత రేచల్‌ని వెంటబెట్టుకెళ్ళింది. దాంతో చాలా వరకు ఈటెలు ఆగాయి. ఆ మేలు కాదనలేం, వావొరానీలలోనే చాలామంది కాదనరు. కానీ 1967లో టెక్సకో కంపెనీకి ఉత్తరాన చమురు పడింది. ఆ తర్వాత చెల్లాచెదరుగా ఉన్న వావొరానీలని ఒకచోటికి చేర్చి, వాళ్ళ పాత నేలలో చిన్న ముక్కలో ఉంచారు. మిగతా అడవి చమురు వెతికేవాళ్ళకి ఖాళీ అయింది. ఇక్కడ చూడండి, ఆ మ్యాపు మొదట్లో నిజంగా ఖాళీ కాదు. దాన్ని ఖాళీ చేశారు.

నెమోంటే నెంకీమో ఇదంతా అయిపోయాక, 1980ల మధ్యలో పుట్టింది. రేచల్ సెయింట్ పెద్దరికం చేస్తున్న ఊళ్ళోనే పెరిగింది. ఆమె ఆత్మకథ 'వి విల్ బి జాగ్వార్స్' 2024లో వచ్చింది. భర్త మిచ్ ఆండర్సన్‌తో కలిసి చేసిన పుస్తకం. ఆయన అమెరికన్, అంటే కోవొరి. మాటలో బతికిన భాష మనిషి కథ ఒక బయటివాడి చేతిమీదుగా ఇంగ్లీషులో అచ్చయిందన్నమాట. విమర్శ రాసే అలవాటున్నవాణ్ణి కాబట్టి ఇది నన్ను ఆపింది. కొన్నిచోట్ల సంభాషణలు మరీ సాఫీగా ఉన్నాయి, ఆ నునుపు ఎవరిదో ఊహించవచ్చు. అయినా మొదటి సగం నాకు చాలా నచ్చింది. మిషనరీలు ఇచ్చే బట్టల మీద ఒక చిన్నపిల్లకుండే ఆశని ఆమె దాచుకోదు, దాన్ని ఒక కుట్రకి బలైనట్టుగానూ చెప్పుకోదు. పద్నాలుగేళ్ళకి చదువు కోసం మిషనరీలతో పట్నం వెళ్ళడం, అక్కడ జరిగిన దారుణాలు, తిరిగి రావడం, ఇవన్నీ దాటాకగానీ పుస్తకం పోరాటం దగ్గరికి రాదు. ఉద్యమం గురించే చదవాలని పుస్తకం తెరిచినవాళ్ళకి విసుగు పుట్టొచ్చు. నాకు మాత్రం ఆ సగం చదవకపోతే కోర్టులో జరిగింది అర్థమయ్యేది కాదు.

ఇప్పుడు 2012కి వద్దాం. ఈక్వడార్ 2008 రాజ్యాంగం ప్రకారం ఆదివాసుల నేలలో చమురు తవ్వాలంటే ముందుగా వాళ్ళని సంప్రదించాలి. సంప్రదించారు కూడా. అధికారుల బృందాలు చిన్న విమానాల్లో దిగాయి, కొద్ది గంటలున్నాయి, వెళ్ళిపోయాయి. చెప్పినదేంటో మాకు అర్థం కాలేదని పెద్దవాళ్ళు తర్వాత కోర్టులో చెప్పారు. కానీ ఫైల్లో మాత్రం పని పూర్తయింది.

దీనికి తెలుగులో ఉన్నంత చక్కటి మాట ఇంకో భాషలో ఉందో లేదో గానీ, మనం 'అనిపించడం' అని ఒకటి వాడతాం. పెళ్ళి అయిందనిపించారు. తద్దినం పెట్టామనిపించారు. పరీక్ష రాశాననిపించాడు. పని జరగలేదని కాదు, జరిగింది. చూసేవాళ్ళ లెక్కలో జరిగింది. 2012లో వావొరానీలని అడగలేదని ఎవరూ అనలేరు. అడిగామనిపించారు.

నేను రోజూ చూసే సంగతి కూడా ఇదే. ఏ యాప్ తెరిచినా మొదట వచ్చే 'నేను అంగీకరిస్తున్నాను' బటన్ తయారుచేసేది మాలాంటివాళ్ళే. ఔను అన్న బటన్ పెద్దగా, రంగులో ఉంటుంది. వద్దు అన్నది చిన్న అక్షరాల్లో, బూడిదరంగులో, ఒక్కోసారి రెండు స్క్రీన్ల అవతల. వెనక డేటాబేస్‌లో మాత్రం అది ఒకే ఒక్క గడి. అందులో ఔను అని పడ్డాక, ఆ మనిషి చదివాడా లేదా, అర్థమైందా లేదా అని అడిగే గడి ఇంకొకటి ఉండదు.

వావొరానీ పస్తాసా సంఘానికి 2018లో నెమోంటే అధ్యక్షురాలైంది, ఆ పదవిలోకి వచ్చిన మొదటి స్త్రీ. 2019 ఫిబ్రవరిలో 16 ఊళ్ళ తరఫున ప్రభుత్వం మీద కేసు వేశారు. విచారణ పూయో పట్టణంలో. వాళ్ళ ఊళ్ళలో కాదు, వాళ్ళకి సరిపడే దుబాసీ ఏర్పాటూ లేదు. మార్చిలో మొదటిరోజు పెద్ద వయసు ఆడవాళ్ళు ముఖాలకి జాఫ్రా గింజల ఎర్రరంగు పూసుకుని కోర్టు హాల్లో కూర్చున్నారు (మన ఏజెన్సీలో పండే జాఫ్రానే). విచారణ మొదలవగానే వాళ్ళు పాట అందుకున్నారు. ఆపమంటే ఆపలేదు. లాయర్ల మాట ఎవరికీ వినపడలేదు. చివరికి ఆ రోజుకి విచారణ వాయిదా పడింది.

దీన్ని 'అడవి తల్లి గొంతు న్యాయస్థానంలో మోగింది' అన్న ధోరణిలో రాసినవాళ్ళున్నారు. ఆ ధోరణి నాకు నచ్చదు. అది పాట రూపంలో ఉన్న ఒక అభ్యంతరం, అదీ చాలా కచ్చితమైన అభ్యంతరం. మాకు అర్థంకాని భాషలో మా గురించి మాట్లాడుకుని దాన్నే విచారణ అంటున్నారు, 2012లోనూ మీరు చేసింది ఇదే. అలాగైతే మా భాష మీకు అర్థంకాకపోతే ఎలా ఉంటుందో కాసేపు వినండి. కేసులో అసలు వాదన ఏదో, దాన్ని వాదించకుండా జడ్జిల ముందు జరిపి చూపించారు. పిటిషన్‌లో పేజీలకొద్దీ రాసినదాన్ని ఆ కొన్ని నిమిషాలు తేల్చేశాయి. ఈ పనికి కావలసిన తెగువ సంగతి సరే, తెలివి గురించి ఎందుకో తక్కువ మాట్లాడుకుంటాం.

ఈటెలు వాళ్ళ చేతుల్లో లేవా అంటే ఉన్నాయి. ఊరేగింపుల్లో ఈటెలు పట్టుకునే నడుస్తారు. ఆ ముసలమ్మల్లో కొందరు ఈటె నిజంగా దేనికి వాడేవారో చిన్నప్పుడు కళ్ళారా చూసినవాళ్ళు. 'అహింస' అనే మాట వాళ్ళ విషయంలో వాడేటప్పుడు ఇది గుర్తుంచుకోవాలి. హింస తెలియని అమాయకులు కాదు వాళ్ళు. దాని ధర ఎంతో తెలుసుకుని పక్కన పెట్టినవాళ్ళు.

ఆడవాళ్ళే ఎందుకు అని నేనూ కొన్నాళ్ళు ఆలోచించాను. స్త్రీ, ప్రకృతి, మాతృత్వం అంటూ మన కవిత్వంలో విరివిగా దొరికే జవాబు నన్నెప్పుడూ తృప్తిపరచలేదు. చమురు వచ్చినచోట మొదట మారేది మగవాళ్ళ జీవితం. కంపెనీలో కూలిపని దొరుకుతుంది, చేతిలో డబ్బాడుతుంది, దాంతోపాటు మందు వస్తుంది. కాగితాల మీద సంతకాలు పెట్టే నాయకులూ ఎక్కువగా మగవాళ్ళే. కర్రపెండలం తోటలు, నీళ్ళు, పిల్లలు ఆడవాళ్ళ వంతు. వాగు చెడితే ముందు తెలిసేది రోజూ వాగుకి వెళ్ళేవాళ్ళకి. 2005లోనే వావొరానీ స్త్రీలు తమ సంఘం తాము పెట్టుకోవడానికి ఇలాంటి మామూలు కారణాలే ఉండుంటాయని నా అభిప్రాయం.

అంతా ఒక్క మాట మీద ఉన్నారని కూడా అనుకోకూడదు. చమురు డబ్బుతో బడి, పడవ మోటారు, ఆస్పత్రి వస్తాయని నమ్మే వావొరానీలున్నారు. వాళ్ళని ద్రోహులనడం దూరంగా కూర్చున్న మనకి తేలిక. 2013 అక్టోబర్‌లో యసుని అడవిలో తవ్వకాల మీద జాతీయ సభలో చర్చ జరిగినప్పుడు వావొరానీ జాతీయ సంఘం ఉపాధ్యక్షురాలు అలీసియా కవీయాకి మాట్లాడే అవకాశమిచ్చారు. అనుకూలంగా మాట్లాడుతుందని అనుకున్నారు. ఆమె లేచి తవ్వకాలు వద్దని చెప్పింది. సొంత సంఘంలో మిగతావాళ్ళ మాటకి ఎదురు నిలబడి చెప్పిన మాట అది. ఆ నెలలోనే అమెజాన్ ప్రాంతపు రకరకాల జాతుల ఆడవాళ్ళు పూయో నుంచి రాజధాని కీటోకి ఊరేగింపుగా వెళ్ళారు. వాళ్ళలో సరయాకు అనే కిచువా ఊరి పత్రీసియా గ్వలింగా ఉంది. వాళ్ళ ఊరి అడవిలో చమురు అన్వేషణకని కంపెనీ టన్నుకి పైగా పేలుడు పదార్థం పాతిపెట్టి వదిలేసింది. 2012లో అంతర్‌అమెరికా మానవహక్కుల కోర్టు, ఊరివాళ్ళని సంప్రదించనందుకు ప్రభుత్వానిదే తప్పని తీర్పు చెప్పింది. వావొరానీల కేసు ఆ తీర్పు భుజం మీద నిలబడింది.

2019 ఏప్రిల్ 26న ముగ్గురు జడ్జిల బెంచి 2012 నాటి సంప్రదింపు చెల్లదని తేల్చింది. దాదాపు 5 లక్షల ఎకరాల వావొరానీ నేల వేలం నుంచి బయటపడింది. జూలైలో పై కోర్టు కూడా ఆ తీర్పునే ఖాయం చేసింది. మరుసటేడు నెమోంటేకి గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది. పత్రికలు రాసింది ఇంతవరకే.

తీర్పు సారాంశం చదివితే నాకు కొంత ఉత్సాహం తగ్గింది. తవ్వకూడదని కోర్టు అనలేదు. మళ్ళీ సరిగ్గా అడగమంది. సరిగ్గా అడిగాక వాళ్ళు వద్దంటే? అదే రాజ్యాంగంలో 398వ అధికరణం ఉంది. జనంలో ఎక్కువమంది వ్యతిరేకిస్తే, పనిచెయ్యాలా వద్దా అన్నది పై అధికారి కారణాలు రాసి తేల్చవచ్చు. భూగర్భంలో ఉన్నదంతా ఎలాగూ ప్రభుత్వానిదే. అంటే అడగడం తప్పనిసరి, జవాబు వినడం కాదు. 2022లో సినంగొయె అనే కొఫాన్ ఊరి కేసులో (అది బంగారం తవ్వకాల గొడవ, అక్కడా ముందున్నవాళ్ళలో అలెక్సాండ్రా నర్వాయెస్ అనే ఆమె ఉంది) రాజ్యాంగ న్యాయస్థానం ఈ తలుపుని సగం మూసింది. సంప్రదింపు లక్ష్యం సమ్మతి పొందడమేననీ, సమ్మతి లేకుండా ముందుకెళ్ళడం ఎప్పుడో తప్పని పరిస్థితుల్లోనేననీ చెప్పింది. ఆ 'తప్పని పరిస్థితి' ఎవరు తేలుస్తారన్నది ఇంకా లాయర్ల పని.

మనకిది కొత్తేం కాదు. 1996 నాటి పెసా చట్టంలో ఏజెన్సీ భూమి సేకరించేముందు గ్రామసభనో పంచాయతీనో 'సంప్రదించాలి' అనే ఉంది. ఆ ఒక్క క్రియాపదం మీద ఎంత కాలం నడిచిందో ఆ ప్రాంతాల్లో పనిచేసినవాళ్ళకి తెలుసు. 1997లో మన సుప్రీంకోర్టు సమత తీర్పు బొర్రా ప్రాంతపు గనుల విషయంలో ఇంకో దారిన వెళ్ళింది. అడిగారా లేదా అన్న ప్రశ్నలోకి దిగకుండా, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వడమే కుదరదంది. రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుంటే నాకు సమత తీర్పే గట్టిగా అనిపిస్తుంది. అయితే దానిలో ఆదివాసి మనిషి నోరు తెరిచి ఔననో కాదనో చెప్పే చోటు తక్కువ. వావొరానీ ఆడవాళ్ళు అడిగింది ఆ చోటు.

నేనుండేది కాలిఫోర్నియాలో శాన్ రామోన్‌లో. ఇక్కడి తెలుగువాళ్ళకి దారి చెప్పేటప్పుడు షెవ్రాన్ ఆఫీసు ఒక కొండగుర్తు. 2001లో టెక్సకోని కొన్న కంపెనీ అది. 2024లో ప్రధాన కార్యాలయం హ్యూస్టన్‌కి మారుస్తున్నామని ప్రకటించింది. ఉత్తర ఈక్వడార్‌లో టెక్సకో వదిలిన కాలుష్యం మీద అక్కడి కోర్టులు 950 కోట్ల డాలర్లు కట్టమనడం, ఆ తీర్పు మోసంతో సంపాదించినదని 2014లో అమెరికా కోర్టు అనడం, అది వేరే పెద్ద కథ. 22వ బ్లాకు కేసుకి దానితో సంబంధం లేదు, ఇది ప్రభుత్వం మీద వేసింది. కానీ ఈక్వడార్ అమెజాన్ నుంచి వచ్చే ముడిచమురుకి పెద్ద గిరాకీ కాలిఫోర్నియా రిఫైనరీలదే. నా కారు సగం బ్యాటరీ, సగం పెట్రోలు. ఆ సగం ఎక్కడి నుంచి వచ్చిందో బంకులో రాసి ఉండదు. మ్యాపుల పనిలో ఉన్నవాడిగా ఒక బావి నుంచి ఒక బంకు దాకా గీత గీయడం ఎంత కష్టమో నాకు తెలుసు. పైపులో చమురంతా కలిసిపోతుంది.

2023 ఆగస్టు 20న ఈసారి దేశం మొత్తాన్ని అడిగారు. యసునిలో 43వ బ్లాకు చమురుని భూమిలోనే వదిలేద్దామా అన్న ప్రశ్నకి దాదాపు 59 శాతం మంది ఔనన్నారు. నెమోంటే, అలీసియా లాంటివాళ్ళు అప్పుడూ ఊరూరా తిరిగారు. బావులు మూసి, సామాను తీసెయ్యడానికి ఏడాది గడువుంది. ఆ గడువు తీరుతుండగా, 2024 ఆగస్టులో, మొదటి బావి మూశారు. 2025 మార్చిలో వెలువడిన తీర్పులో అంతర్‌అమెరికా కోర్టు, ఆ అడవిలోనే బయటి లోకానికి దూరంగా ఉండిపోయిన తగయేరి, తరొమెనానె జనం విషయంలో ప్రభుత్వం తప్పు చేసిందని తేల్చింది, జనం ఓటుని అమలు చెయ్యమంది. 43వ బ్లాకులో మొత్తం 200కి పైగా బావులున్నాయి. అన్నీ మూయడానికి 2029 దాకా పడుతుందని ప్రభుత్వం అంటోంది.